తోడుమట్టి

గేదెల వరద వచ్చిపోయిన మూడో ఏడు జరిగింది ఇది. ఏటిగట్టు మీద ఏ ఊళ్ళో అడిగినా సంవత్సరాన్ని అంకెల్లో చెప్పరు. గేదెల వరదకి ముందు, గేదెల వరదకి తర్వాత, అంతే. ఆ వరదకి రెల్లులంక తూర్పు కొసని గోదావరి కోసుకుపోయింది. మనుషులు పడవలెక్కి బయటపడ్డారు గానీ గేదెల్ని ఎక్కించుకునే పడవలెక్కడివి? పలుపులు విప్పి వదిలేశారు. అవి మూతులు పైకెత్తుకుని దిగువకి కొట్టుకుపోతుంటే జనం గట్టు మీద నిలబడి వాటిని పేర్లు పెట్టి పిలిచారు.

కోటిలింగం పిలవలేదు. అతనికి అరవడం చేతకాదు. అరవడమే కాదు, మాట్లాడ్డమూ అంతంత మాత్రమే.

"మా ఆయన రోజుకి పది మాటలు మాటాడతాడు. పదకొండోది వస్తే రేపటికి దాచుకుంటాడు" అనేది భార్య సీతారత్నం. ఆవిడకి ఆ ఇబ్బంది లేదు. ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడేది.

కోటిలింగం మట్టిగోడల మేస్త్రీ. మూడో తరగతి దాకా బడికెళ్ళాడు, ఆ తర్వాత తండ్రి వెనకాల మట్టి తొక్కడానికి దిగి అరవై ఆరేళ్ళు వచ్చేదాకా తొక్కుతూనే ఉన్నాడు. రెల్లులంకలో నిలబడ్డ ప్రతి గోడా అతని కాలికింద నలిగిన మట్టే. వరదలో అతని మూడు గదుల ఇల్లూ పోయింది, మరో నలభై ఇళ్ళూ పోయాయి. ఆ నలభై కుటుంబాలూ ఇప్పుడు రేవు అవతల గట్టు మీద రేకుల షెడ్లలో ఉంటున్నాయి. ఎండాకాలం ఆ రేకుల కింద కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే.

అలాంటప్పుడు వచ్చింది ఎస్తేరు. రాజమండ్రిలో ఏదో పరిశోధనశాలలో పనిచేసే మనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. పడవలోంచి ఒక నీలం డ్రమ్ము దింపించి, కోటిలింగం ముందు మూత తీసింది. దోసెల పిండి పులిసిన వాసన. లోపల తెల్లగా, తీగలు తీగలుగా ఏదో అల్లుకుని ఉంది.

"బూజేనండీ మేస్త్రీ గారూ. కాకపోతే మనకి పనికొచ్చే బూజు" అంది.

సంచిలోంచి ఒక మట్టి ఇటుక తీసి చేతిలో పెట్టింది. తాపీతో కొట్టి చూశాడు. కాల్చిన కుండలా మోగింది.

"కాల్చలేదు. ఒట్టి లంకమట్టే. బూజు కలిపి ఆరబెట్టాను. వారం రోజులు నీళ్ళలో పడేశాను కూడా."

లంకమట్టి సంగతి అతనికి తెలియందేం కాదు. సగం ఇసకే. నాలుగు వానలు పడితే గోడ జారి కిందికొస్తుంది. ఇటుకని తిప్పితిప్పి చూసి ఆ రోజు మొదటి మాట మాట్లాడాడు.

"ఏం తింటదండి ఇది?"

ఎస్తేరు నవ్వింది. "మంచి మాటడిగారు. గంజి, కుడితి, కడుగునీళ్ళు. ఆపైన మన ఊపిరి, మన ఒంటి తేమ. గోడ బతికే ఉంటుందన్నమాట. బీట పడితే అదే పూడ్చుకుంటుంది. వరదొస్తే కరగదు. కానీ ఇద్దరు మనుషులుంటే ఆరు బారల చుట్టిల్లు, అంతే. అంతకన్నా పెద్దది కడితే గోడకి ఆకలేస్తుంది."

"ఆశకి కొలత పెట్టే ఇల్లన్నమాట" అంది సీతారత్నం పక్కనించి.

ఇంకో షరతు కూడా ఉంది. ఆ ఇంటిని ఒక్కరోజు దాటి ఖాళీగా వదలకూడదు. అలా రెండు వానాకాలాలు గడిస్తే గోడ ముదురుతుంది. అప్పుడు దాన్నించి పెళ్ళలు కోసి నలభై ఇళ్ళకీ విత్తనంగా పంచవచ్చు. వేరే లంకల్లో అప్పటికే మూడిళ్ళు కట్టి చూశారట. ఒకరు పెళ్ళికెళ్ళి నాలుగు రోజులుండిపోయారు, గోడ చచ్చింది. ఇంకొకరు పుష్కరాలకెళ్ళారు, అదీ చచ్చింది. మూడోది మాత్రం మనుషులుండగానే చచ్చింది. ఎందుకో తెలియలేదు. నాలుగోది లంకలోనే కట్టుకుని అందులో ఉండడానికి కోటిలింగం, సీతారత్నం ఒప్పుకున్నారు.

మట్టి తొక్కే రోజున ఎస్తేరు అతని కాళ్ళు మూడుసార్లు సబ్బుతో కడిగించింది. ఇందులో ఇంకేమీ కలవకూడదంది, పేడ గానీ, పొట్టు గానీ, ఏదీ. రబ్బరు బూట్లు తెచ్చి తొడుక్కోమంది. అతను తొడుక్కుని రెండడుగులేసి విప్పేశాడు.

"మట్టి పదును కాలికి తెలియాలండి."

ఆవిడ ఒప్పుకుంది. పొద్దుటినించీ తొక్కాడు. సాయంత్రానికి మొదటి వరస పెట్టే వేళ ఎస్తేరు రెండో డ్రమ్ము కోసం రేవుకి వెళ్ళింది. కోటిలింగం చుట్టూ చూసి, తలపాగా మడతలోంచి పిడికెడు మట్టిపెళ్ళ తీశాడు. గుమ్మానికి కుడివైపు, మొదటి వరస అడుగున పెట్టి, పైన మట్టేసి మడమతో అదిమేశాడు.

అది పాత ఇంటి పొయ్యిగోడ పెళ్ళ. వరద తీశాక వెళ్ళి చూస్తే ఇల్లంతా పోయి ఆ మూల ఒక్కటి ఒరిగి మిగిలింది. తువ్వాల్లో చుట్టుకుని తెచ్చుకున్నాడు. వాళ్ళ నాన్న కట్టిన ప్రతి ఇంటికీ అంతే, తాత కట్టిన ఇళ్ళకీ అంతే. పాత గోడలోంచి పిడికెడు తీసి కొత్త గోడకి తోడెయ్యకుండా పని మొదలెట్టరు. తోడుమట్టి అంటారు. అది వెయ్యకుండా కట్టిన గోడని గోడ అనడానికి అతనికి మనసొప్పదు. తప్పు చేస్తున్నానని అనుకోలేదు. పాలల్లో చుక్క మజ్జిగ వేసినంత మామూలుగా వేశాడు.

గోడ బతికింది.

మొదటి వానల్లో పడమటి వైపు వేలుపట్టేంత బీట తీసింది. సీతారత్నం కుండలో కుడితి తెచ్చి గోడ మొదట్లో కాలవలా తవ్విన గాడిలో పోసింది. మర్నాడు పొద్దున చూస్తే బీటలో తెల్లటి దారాలు అల్లుకున్నాయి. మూడో రోజుకి పూడిపోయింది.

"గేద పోతే పోయింది, గోడొచ్చింది. కుడితి తాగుద్ది, పాలివ్వదు, అంతే తేడా" అని పకపకా నవ్వింది. ఆనాటినించీ సాయంత్రమయ్యేసరికి గోడని తట్టి "దా, తాగు" అనకుండా కుడితి పోసేది కాదు.

గాడిలో పోసిన మురికినీళ్ళు అవతలివైపు తేటగా ఊరి ఆనపపాదులోకి పోయేవి. రోహిణి కార్తెలో కూడా ఇంట్లో విసనకర్రతో పని పడలేదు. సామాను అంటారా, రెండు కంచాలు, రెండు గ్లాసులు, మూడు గిన్నెలు, పొగరాని పొయ్యి ఒకటి, పందిరి మీద బచ్చలి, పెరట్లో రెండు కోళ్ళు. పాత ఇంట్లో మూడు గదుల నిండా సామానుండేది. ఒకరోజు సీతారత్నం ఏమేం పోయాయో గుర్తు తెచ్చుకోబోయింది. సగం గుర్తే రాలేదు.

"చూసేవా, వాటితో మనకి పనే లేదన్నమాట" అంది ఆశ్చర్యపోతూ.

కోటిలింగం ఏదైనా పనిమీద రేవు దాటి గట్టెక్కితే చాలు, షెడ్లలోంచి జనం బయటికొచ్చేవారు. కడుపుతో ఉన్న మనిషిని గురించి అడిగినట్టు అడిగేవారు.

"మేస్త్రీ, గోడెలాగుంది?"

"బానే ఉంది."

"కార్తీకానికి పెళ్ళల కోతంట గదా?"

"ఆఁ."

"నీ కాలి చలవ మేస్త్రీ! బూజుదేవుంది, తొక్కినోడిది గొప్ప."

ఎస్తేరు కూడా అదే అంది. మూడో ఇల్లు చచ్చి ఇది నిలవడానికి కారణం ఏముంటుందని తల పట్టుకుని, చివరికి కాగితం మీద 'తొక్కుడు' అని రాసుకుంది. కోటిలింగం అప్పుడు నోరు తెరిచాడు. తెరిచి, మూసుకున్నాడు. పిడికెడు మట్టి గురించి చెప్పడానికి ఏముంది అనుకున్నాడు. తర్వాత చెప్పాలనిపించినప్పుడు ఆలస్యమైందనిపించింది. మాట్లాడ్డం అలవాటున్న వాడైతే ఏ నవ్వులోనో కలిపి అనేసేవాడేమో. అతనికి ఒక్కో మాటా బండరాయి దొర్లించినట్టే ఉంటుంది.

మచ్చ మొదటిసారి మార్గశిరంలో కనపడింది. గుమ్మానికి కుడివైపు, తోడుమట్టి వేసిన చోటే, నల్లగా రూపాయి బిళ్ళంత. తాపీతో గీకేసి తడిమట్టి మెత్తాడు. పది రోజులకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ గీకాడు. ఎస్తేరు వారం వారం వచ్చి గోడంతా ఫొటోలు తీసుకునేది. ఆవిడ వచ్చే రోజు తెల్లారకుండానే లేచి గీకి మెత్తేవాడు. చెబితే అదేంటని అడుగుతుంది. అడిగితే మొత్తం చెప్పాలి. ఇంకేదో కలిసిందని తెలిస్తే ఆవిడ ఈ గోడ పనికిరాదంటుంది. నలభై షెడ్లు గుర్తొచ్చేవి. వచ్చేవారం చెబుదాంలే అనుకునేవాడు.

ఆషాఢానికి మచ్చ అరచెయ్యంత అయింది.

సీతారత్నం మంచం తలాపు ఆ గోడకే. ఫాల్గుణంలో మొదలైన దగ్గు ఆవిడకి తగ్గలేదు. ముందు పుప్పొడి అన్నారు, తర్వాత చలవ చేసిందన్నారు. ఆషాఢం వెళ్ళేసరికి నాలుగు మాటలు కలిపి అనలేకపోయింది. ఇంట్లో మాటలన్నీ ఆవిడవే కాబట్టి ఇల్లు ఒక్కసారిగా చప్పబడిపోయింది. ఎస్తేరు వచ్చి చూసి, ఆ పూటే పడవెక్కించి రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

కోటిలింగం పడవలో కాలు పెట్టబోతే సీతారత్నమే ఆపింది.

"నువ్వొచ్చి... ఏం చేత్తావయ్యా? కబుర్లు చెబుతావా?" ఊపిరి తీసుకుంది. "నలభై గుమ్మాలు... నీ మొహం చూత్తన్నాయి. ఉండు. గోడకి కుడితి మర్చిపోకు."

ఉన్నాడు.

ఇద్దరి ఊపిరికి అలవాటుపడ్డ గోడ ఒక్కడి ఊపిరికి సరిపెట్టుకోలేకపోయింది. నాలుగో రోజుకి పడమటి వైపు పెచ్చులు రాలడం మొదలైంది. కుడితి రెట్టింపు పోశాడు. లాభం లేదు. ఫోన్లో చెబితే ఎస్తేరు అంది, "గోడ దగ్గరగా కూర్చుని మాట్లాడండి మేస్త్రీ గారూ, ఊపిరి తగులుతుంది. ఏదో ఒకటి, మీ ఇష్టం."

గోడతో ఏం మాట్లాడతాడు? భార్యతోనే మాట్లాడనివాడు. కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి గోడకి ముఖం పెట్టి కూర్చుని ఎక్కాలు మొదలెట్టాడు. మూడో తరగతి దాకా వచ్చినవి. పన్నెండో ఎక్కం సగంలో ఆగిపోయి మళ్ళీ రెండోదానికి వచ్చేవాడు. చెబుతున్నంతసేపూ కళ్ళు కుడివైపు నల్ల మచ్చ మీదికే పోయేవి. లేచి వెళ్ళి గీకేవాడు. వచ్చి కూర్చునేవాడు. మళ్ళీ లేచేవాడు. పొద్దుటినించీ పొద్దుగూకేలోపు ఇంటి చుట్టూ ఎన్ని ప్రదక్షిణాలు చేసేవాడో అతనికే తెలియదు. గడ్డి నలిగి ఇంటి చుట్టూ కాలిబాట పడింది.

తొమ్మిదో రోజు పొద్దున్నే పడవ పోసిబాబు వచ్చాడు. ఇంజను పడవ అతనిది. తల్లి గట్టు మీద షెడ్లోనే ఉంది.

"బాబాయ్! ఎర్రనీళ్ళొచ్చేసినియ్యి చూసేవా? భద్రాచలం కాడ రెండో ప్రమాదం జెండా ఎగరేసేరంట. మధ్యాన్నం దాటితే నేను పడవెయ్యను. ఆనక వారం దాకా ఎవడూ ఎయ్యడు. నీకు ఉప్పూ పప్పూ ఏంటి కావాలో చెప్పెయ్యి, తెచ్చి పడేత్తాను."

ఏటివైపు చూశాడు కోటిలింగం. నిన్నటి తెల్లనీరు లేదు. రేగడి కలిపినట్టు ఎర్రగా, నురగలు కట్టి, రెల్లుదుబ్బుల్ని ఊడబెరుక్కుని పోతోంది.

పోసిబాబు రేవులోకి దిగిపోయాక ఫోను మోగింది. ఎస్తేరు.

"మేస్త్రీ గారూ, కంగారుపడకండి. మందు పనిచెయ్యట్లేదు. నా బూజే ఆవిడ ఊపిరితిత్తుల్లో చేరిందేమో అని దానికి విరుగుడు ఇస్తున్నారు. తొమ్మిది రోజులైంది, రవంత కూడా తగ్గలేదు. ముక్క తీసి పరీక్ష చేద్దామంటే ఆవిడకి అంత ఊపిరి లేదు. డాక్టరు గారు నన్ను పదిసార్లు అడిగారు, ఆ గోడలో ఇంకేదైనా ఉందా అని. లేదని ప్రమాణం చేసి చెప్పాను."

కోటిలింగం కళ్ళు గుమ్మం పక్క మచ్చ మీదికి పోయాయి.

"మేస్త్రీ గారూ? ఉన్నారా?"

"ఉన్నానండి."

"ఏదైనా చెప్పాలనుకుంటున్నారా?"

ఏటి హోరు. ఫోన్లో అవతల ఎవరిదో దగ్గు, సీతారత్నందో, ఇంకెవరిదో. లైను తెగిపోయింది. తెగినందుకు ఒక్క క్షణం హాయి అనిపించింది. ఆ హాయి తెలిసొచ్చాక తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటి చుట్టూ తిరిగాడు. నాలుగుసార్లు తిరిగాడు. ఫోన్లో చెబితే సరిపోదు. నల్లటిది అంటే ఎవరికి ఏం తెలుస్తుంది? ఆ పెళ్ళ వాళ్ళ చేతిలో పెట్టాలి. అది మొదటి వరస అడుగున ఉంది. అది తీస్తే గుమ్మం నిలవదు, గుమ్మం నిలవకపోతే ఆరు బారల గోడలో ఏదీ నిలవదు. మట్టిగోడ గురించి అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

చూరులోంచి గునపం లాగాడు.

మొదటి పోటుకి గోడ మోగింది. కాల్చిన కుండ మోగినట్టే, కాకపోతే లోపల్నించి. పది పోట్లకి అడుగు వరస విరిగింది. చెయ్యి పెట్టి తవ్వాడు. తోడుమట్టి పెళ్ళ పిడికెడు వేస్తే బుట్టెడై కూర్చుంది. నల్లగా, దాని చుట్టూ తెల్లటి దారాలు జడ అల్లినట్టు. ముక్కుకి పాత ఇంటి వాసన తగిలింది. పొయ్యి పొగ, కాగిన పాలు, అలికిన పేడ. ఒక్క నిమిషం అలాగే చతికిలబడిపోయాడు.

తలపాగా ముక్కుకి అడ్డం కట్టుకుని, పెళ్ళని సత్తుగిన్నెలో పెట్టి తడిగుడ్డ కప్పాడు. బయటికొచ్చి పది అడుగులు వేశాడో లేదో వెనక గుమ్మం పైనించి చూరు దాకా బీట సాగిన చప్పుడు. తాటాకు కప్పు ఒక పక్కకి ఒరిగింది. కోళ్ళు అరుచుకుంటూ పాదు కిందికి దూరాయి. వెనక్కి వెళ్ళి వాటిని బుట్టలో మూసి చంకన పెట్టుకున్నాడు. గోడ వైపు మాత్రం చూడలేదు.

పోసిబాబు రేవులోంచి పరిగెత్తుకొచ్చి నిలబడిపోయాడు.

"బాబాయ్, అదేంటది! గోడ... ఎవరు..." గునపం చూశాడు. "నువ్వా? నీకేవన్నా మతి పోయిందా? కార్తీకం ఎంతో దూరం లేదు గదా! మా అమ్మ ఆ రేకుల కింద రెండెండాకాలాలు కాలింది, దీన్నే కళ్ళల్లో పెట్టుకుని!"

"పడవెయ్యి" అన్నాడు కోటిలింగం.

"వెయ్యను. ఎందుకు చేసేవో చెప్పు, అప్పుడేత్తాను."

చెప్పాల్సి వచ్చింది. తోడుమట్టి, మచ్చ, గీకడం, సీతారత్నం. నాలుగు ముక్కల్లో చెప్పాడు. జీవితంలో అంత పొడుగు మాట ఒక్క బిగిన చెప్పి ఎరగడు. పోసిబాబు తాడు విప్పాడు. నడిఏట్లో పడవ రెండుసార్లు అడ్డం తిరిగింది, ఒక దుంగ వచ్చి అంచుకి కొట్టుకుంది. గట్టు దగ్గర పడ్డాక గానీ అతను నోరు విప్పలేదు.

"నేనైతే ఏం చేద్దునో నాకు తెల్దు బాబాయ్" అన్నాడు. "కోళ్ళు ఇక్కడొదిలెయ్యి, మా అమ్మ చూత్తది."

సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రి వరండాలో ఎస్తేరు కనపడింది. తొమ్మిది రోజుల్లో మనిషి సగమైంది. అతన్ని చూసి, చేతిలో గిన్నె చూసి, మొహం పాలిపోయింది.

"ఇల్లు ఎవరు చూస్తున్నారు?"

"ఇల్లు లేదండి." గిన్నె ముందుకి చాపాడు. "అమ్మగారూ, నేనొకటి కలిపేనండి."

అంతా విన్నది. చివరికి అడిగింది.

"ఎందుకు చెప్పలేదండీ? ఏడాది పైగా... వారం వారం మీ ఎదురుగా కూర్చుని అడిగాను కదా!"

"కాళ్ళు కడుక్కోమన్నారు, కడుక్కున్నాను. పేడ వద్దన్నారు, మానేశాను. మట్టిలో మట్టి కలిస్తే తప్పనుకోలేదండి."

"మరి మచ్చ?"

తలొంచుకున్నాడు. "అది తప్పేనండి. అది తెలిసే చేశాను" అన్నాడు.

ఎస్తేరు గిన్నె తీసుకుని పరిశోధనశాలకి పరిగెత్తింది. రెండు గంటల తర్వాత డాక్టరుతో కలిసి వచ్చింది. వస్తూనే అతని పక్కన బల్ల మీద కూలబడింది.

"దొరికిందండి. నల్లది వేరే జాతి. దానికి మందు వేరే, ఇప్పుడే ఎక్కిస్తున్నారు. తగ్గుతుందో లేదో రెండు రోజులాగాలి." కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుంది. "నా బూజు ఒంటరిగా నిలవలేదండీ. మూడో ఇల్లు అందుకే చచ్చింది. మీ పాతమట్టిలోది దీన్ని మోసింది, మీ గోడ నిలబడింది. నేనేమో తొక్కుడు గొప్ప అని రాసుకున్నాను."

"పాత ఇంట్లో ముప్పై ఏళ్ళున్నామండి. ఎవరికీ దగ్గు లేదు."

"అక్కడ కట్టెల పొగ ఉంది, వారం వారం పేడతో అలకడం ఉంది. అవి దాన్ని తలెత్తనివ్వలేదు. శుభ్రంగా బతకాలని నేను రెండూ మాన్పించాను. తప్పు మీ ఒక్కరిదే కాదు." ఆగింది. "షెడ్లలో వాళ్ళకి నేను చెబుతాన్లెండి. ఉత్తరం రాసి పంపిస్తాను."

లోపలికి వెళ్ళాడు. సీతారత్నం మూతికి గొట్టం తగిలించిన తొడుగు ఉంది. కళ్ళు తెరిచి అతన్ని చూసి, చేత్తో తొడుగు కొంచెం పక్కకి లాగింది.

"గోడ?"

"పడిపోయింది."

"వరదకా?"

"కాదు. నేనే."

పక్క మంచం తాలూకు మనిషి ట్రాన్సిస్టరు ఆపుచేసింది, వినడానికి కాబోలు.

"మచ్చ సంగతి అమ్మగారు చెప్పింది. మాటాడేవంట గదా." నవ్వబోతే దగ్గు వచ్చింది. తగ్గాక మళ్ళీ అడిగింది, "ఎంతమందితో?"

"ముగ్గురితో. పోసిబాబు, అమ్మగారు, డాక్టరు గారు."

"ఇంకా నలభై గుమ్మాలున్నాయి."

"అమ్మగారు ఉత్తరం రాత్తానన్నారు."

"ఉత్తరమా?" తొడుగు మళ్ళీ పెట్టుకుని నాలుగు ఊపిర్లు పీల్చుకుని మళ్ళీ తీసింది. "రెండు వానాకాలాలు... నీ మొహం చూసేరయ్యా వాళ్ళు. ఉత్తరం మొహం కాదు. నువ్వే చెప్పు."

నర్సు వచ్చి కేకలేసింది. తొడుగు సరిచేసి అతన్ని బయటికి పంపేసింది.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కి గట్టు దగ్గర దిగాడు కోటిలింగం. సన్నగా చినుకు. ఏరు గట్టు సగానికి వచ్చింది. అవతల లంక కనపడడం లేదు, నీళ్ళ మధ్య తాటితలలు తప్ప. ఇల్లు ఎటువైపు ఉండేదో కళ్ళతో వెతికి, మానేశాడు.

మొదటి షెడ్డు దగ్గర ఆగాడు. రేకు చిల్లు కింద గిన్నె పెడుతున్న ఇల్లాలు తలెత్తింది.

"మేస్త్రీ! ఈ వరదలో ఎలా వచ్చేవు? గోడెలాగుంది?"

తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"గోడ లేదమ్మా. నేను మీకెవరికీ చెప్పకుండా తోడుమట్టి వేసేను. దానివల్ల మా ఆవిడకి ఊపిరి పోతంది. నల్లమచ్చ వచ్చింది, గీకి దాచేను. నిన్న గోడ నేనే పడగొట్టేను. కార్తీకానికి ఇళ్ళు లేవు. ఇది మీతో నేను చెప్పాల."

రెండో షెడ్డులో అదే మాట. మూడో దాంట్లో అదే. ఒక చోట మొగుడూ పెళ్ళాం తడక మూసేసుకున్నారు. ఒక చోట ఒకడు "ఇప్పుడొచ్చి చెబుతున్నావా" అని మీదికొచ్చాడు. పక్కవాళ్ళు పట్టుకున్నారు. కోటిలింగం వెనక్కి తగ్గలేదు, వాడు తిట్టడం అయ్యేదాకా నిలబడి, అప్పుడు తర్వాతి గుమ్మానికి నడిచాడు. కబురు అతనికన్నా ముందే పరిగెత్తింది. కొన్ని షెడ్ల ముందు "తెలిసిందిలే, పో" అన్నారు. పోలేదు. తెలిసినవాళ్ళకి కూడా మొదటినించీ చివరిదాకా చెప్పాడు.

పోసిబాబు తల్లిది చిట్టచివరి షెడ్డు. కోళ్ళని గడపకి కట్టేసి, నూకలు చల్లుతోంది. అతను చెబుతున్నంతసేపూ చల్లుతూనే ఉంది.

"తోడెయ్యకుండా గోడెలా కడతావురా" అంది చివరికి. "మా అత్తగారి పొయ్యిగోడ పెళ్ళ తెచ్చి మా ఇంటికేసింది మీ నాన్నే గదా. నేను పక్కనుంటే నేనే ఎయ్యమందును." మళ్ళీ పిడికెడు నూకలు విసిరింది. "దాచేవు చూడు. అదీ నాకు మంటగా ఉంది."

"ఆఁ" అన్నాడు.

"రత్నానికి ఎలాగుంది?"

"రేపటికి తెలుత్తాది."

ఇంకేదో అనబోయాడు. గొంతులోంచి మాట రాలేదు, బొంగురుగా గాలి వచ్చింది. పొద్దుటినించీ నలభై సార్లు చెప్పాడు. అంత మాట్లాడ్డం ఆ గొంతుకి అలవాటు లేదు. గుమ్మం ముందు చూరు కింద చతికిలబడి, చేతులు దోసిలి పట్టి, మంచినీళ్ళు అడిగాడు.